బావకు కనబడిన బైకు

అక్కా,

ఈ ఆదివారం భోజనానికి నేను రాను. ఈ ఉత్తరం బావ ఇంట్లో లేనప్పుడు చదువు.

పాత్రాస్ రేవు దగ్గరి కూడలిలో రోడ్డు కుడి పక్కన వెళ్తున్న కారును బావ ఎదుటి బళ్లకు అడ్డంగా ఎడమకు తిప్పినప్పుడు నేను పక్క సీట్లోనే ఉన్నాను. ఎదురుగా ఒకమ్మాయి బైకు మీద నేరుగా వస్తోంది. దారి ఆమెది, ఆగాల్సింది బావ. ఫోనులో ఎవరితోనో నవ్వుతూనే నాతో, "బైకే కదా, అదే ఆగుతుందిలే" అని తిప్పేశాడు. బైకు వచ్చి కారుకు గుద్దుకుంది.

మొన్న మీ ఇంట్లో అదే నోటితో, "విమానంలా దూసుకొచ్చిందర్రా, నాకు కనబడనే లేదు" అంటూ వేయించిన చేపలు నములుతుంటే నేను కంచం పక్కకు జరిపాను. నువ్వేమో నా కంచంలో ఇంకో ముక్క వేసి, "పోలీసులకు నువ్వూ అలాగే చెప్పవే" అన్నావు.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. ఆ గ్రీకు అమ్మాయి పేరు కల్లిరోయి. మోకాలి కింద కాలు తీసేశారు. వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని, "అంబులెన్సు వచ్చేదాకా నా బిడ్డ పక్కన రోడ్డు మీద కూర్చున్నది నువ్వేనటగా తల్లీ" అంది. నేను ఆ కారులోనే ఉన్నానని చెప్పాను. చేతులు వదిలేసింది. "కారు నడిపినతను దిగాడా?" అని మాత్రం అడిగింది.

దిగాడన్నాను. దిగి, కారు లైటు పగిలిందేమోనని వంగి చూసుకున్నాడన్నాను.

అక్కడి నుంచి నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లి ఇదంతా చెప్పి సంతకం పెట్టాను. బావకు నువ్వే చెప్పు. ఆయన మొహం చూస్తూ నేను చెప్పలేను, అసహ్యం వేస్తుంది.

నీ చెల్లెలు