ఆయన పోసిన ఆయిలు

ముమ్మిడివరం,
మంగళవారం.

ఎబినేజర్ బావగారికి,

మీ మరదలి వందనాలు. నేను బాగానే ఉన్నాను. ఫోనులో అడగలేక రాస్తున్నాను.

రొయ్యల చెరువు దగ్గర జనరేటరు ఆయిలు సంగతండి. మీ తమ్ముడు చేసినట్టే నిన్న ఇంజను కాసేపు తిప్పి ఆపి, ఒక చుక్క తీసి తెల్లకాగితం మీద వేశాను. ఆరాక చూస్తే చుట్టూ పాకలేదు, మధ్యలో నల్లటి ముద్దలా ఉండిపోయింది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది.

పక్క చెరువు రాజబాబుగారు ఆ కాగితం చూసేరు. "ఇంక ఆగకూడదమ్మా, బేరింగులు పోతాయండి. కరెంటు లేనప్పుడు ఇంజను ఆగిపోతే నీళ్లలో గాలి అందక రొయ్యలన్నీ చచ్చి తేలిపోతాయి. నేను మార్చి పెట్టనా?" అన్నారు.

"వద్దండి, మా బావగారొస్తారు" అనేశాను. మిమ్మల్ని అడక్కుండానే అన్నాను, ఏమీ అనుకోకండి.

మార్చాలని నాకూ తెలుసు. కొత్త డబ్బా తెచ్చి పదిరోజులైంది. రెండుసార్లు స్పానరు పట్టుకుని ఇంజను పక్కన కూర్చుని, లేచి వచ్చేశాను. ఆ ఆయిలు ఆయన ఆస్పత్రికి వెళ్లే ముందురోజు పోసింది. ఆయన పోయిన ఈ రెండు నెలల్లో, ఆయన చేత్తో చేసిన పనుల్లో ఈ గట్టు మీద మిగిలింది అదొక్కటే.

అంతర్వేదిలో పడవల ఇంజన్లు బాగుచేసే పని వదిలి రావడం మీకు కష్టమే. ఒక్క పూటకి రండి. బోల్టు నేనే విప్పుతాను, కొత్తదీ నేనే పోస్తాను. పాతది కారిపోయేదాకా మీరు పక్కన నిలబడితే చాలు.

మీ మరదలు