నాలుగో పిల్లర్

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. ఎన్నికల్లో మీ మంత్రిగారు ఓడిపోయి ప్రభుత్వం మారేసరికి నీకు చెల్లెలు గుర్తొచ్చింది. సంతోషం. మూడేళ్లుగా నా ఊసెత్తితే వదిన టీవీ శబ్దం పెంచేదట. ఇప్పుడు కొత్త మంత్రి నన్ను ప్రచార సభల్లో "నిజాయితీగల ఇంజినీరమ్మ" అని పొగిడారు కాబట్టి, ఆయన పేషీలో నీ పీఏ కుర్చీ నిలబడేలా ఓ మాట చెప్పమంటున్నావు.

చెప్పను. మీ పాత మంత్రిగారి కాంట్రాక్టరు కట్టిన ఆ వంతెన పిల్లర్లని సుత్తితో తట్టి చూసినప్పుడు నాలుగో దాంట్లో డొల్ల చప్పుడు వచ్చింది. బాగుందని సంతకం పెట్టనన్నందుకు నన్ను ఈ మారుమూలకి విసిరేశారు. నా పాప మన అమ్మ దగ్గర పెరుగుతోంది. నాతో ఫోన్లో మాట్లాడటానికి దానికిప్పుడు కబుర్లే దొరకడం లేదు. నా బదిలీ ఉత్తర్వు చిత్తుప్రతి నేను చూశానురా అన్నయ్యా. "పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా" అన్న మాటలు నీ చేతిరాతలో ఉన్నాయి. అమ్మకి కూడా చెప్పలేదు. నీకు లేని సిగ్గు నేనే పడ్డాను.

కొత్త మంత్రి నన్ను వెనక్కి పిలిచారు. నువ్వు గోళ్లు గిల్లుకుంటూ కూర్చో.

చెల్లెలు

అన్నయ్యకి,

ఘటికుడివే. మొన్న పేషీలోకి వెళ్తే అదే కుర్చీలో నువ్వే, అదే ఇకిలింపు. మంత్రిగారు నన్ను పొగిడిన నోటితోనే ఫైలు చూడమన్నారు. అదే వంతెన, అదే కాంట్రాక్టరు. రంగు మాత్రం కొత్తగా కొట్టారు.

"ఇప్పుడు మనవాళ్లేనే. ఒక్క సంతకం పెడితే నీ సొమ్మేం పోయింది? పాప దగ్గర ఉండాలని లేదా?" అని నా చెవిలో గొణిగావు. పాప మాట ఎత్తగానే నీ మీద ఉన్న కోపం కూడా పోయింది. అసహ్యం ఒక్కటే మిగిలింది.

సంచిలోంచి సుత్తి తీసి బల్ల మీద పెట్టాను. "మీరే వెళ్లి తట్టి వినండి సార్" అన్నాను. ఆయన వాచీ చూసుకున్నారు.

మర్నాటికల్లా మళ్లీ బదిలీ. అప్పటికే పాప నా పెట్టె విప్పి బట్టలన్నీ తన బీరువాలో సర్దేసింది. దానికెలా చెప్పాలా అని ఉత్తర్వు మళ్లీ చదివాను. కొత్తది రాయడానికి కూడా బద్ధకమేనా నీకు? పాతదాని మీదే తేదీ మార్చావు. మంత్రి అన్నచోట ఓడిపోయినాయన పేరు అలాగే వదిలేశావు!

ఆయన నన్నెలా బదిలీ చేస్తారు? నేను కదలను. డొల్ల పిల్లర్ మీద నా రిపోర్టు పై అధికారులందరికీ పంపాను. నీ ఉత్తర్వు నకలు మాత్రం మీ కొత్త మంత్రిగారికి పంపాను. నిన్నెక్కడికి పంపుతారో చూద్దాం, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా.

పెట్టె అటక మీద పెట్టేసిన

నీ చెల్లెలు