ఈసారి చెట్టు తేవద్దు

బావగారికి,

ఈ క్రిస్మస్‌కు మీ తోటలోంచి చెట్టు తేవద్దు. ఆ వాసనకు మీ చెల్లెలికి ఊపిరాడదని, ఇంట్లో పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. నేను వచ్చే క్రిస్మస్ మాట ఎత్తితే, ముందు ఈ క్రిస్మస్ బాగా చేసుకోమన్నారు. ప్లాస్టిక్ చెట్టు కొన్నాను. పదేళ్లు ఉంటుందట. పెట్టె విప్పుతూ ఆమెతో ఆ మాటే అనేశాను.

"అయితే నాకంటే గట్టిదేనండీ" అని నవ్వింది. తర్వాత కొమ్మల్లో ముఖం పెట్టి, "వాసనే లేదు. చెట్టు వద్దంటే అన్నయ్య కూడా రావడం మానేస్తాడేమో" అంది. ఆ పూట ఏమీ తినలేదు.

మీరు చేతులూపుకుంటూ అయినా తప్పకుండా రండి. స్నానం చేసి, ఉతికిన బట్టలతో రండని రాయడం నా ధర్మం. ఆమె మాత్రం తోటలో వేసుకునే చొక్కాతోనే రమ్మంటోంది.

అలాగే రండి. డాక్టరుకు నేను చెప్పుకుంటాను.

మీ బావ