మొదటి జీతం డబ్బా

జహీరాబాదు,
3 జులై 1961.

శ్రీవారి సముఖమునకు,

భాగీరథి నమస్కరించి వ్రాసుకునే విన్నపం. ఇక్కడ నేను, అత్తమ్మ, మన నీలమ్మ ముగ్గురం సుఖంగా ఉన్నాం. ఆదిలాబాదు అడవుల్లో ఇంటింటికీ దోమల మందు కొట్టిస్తూ తిరిగే మీరు కూడా వేళకు తిని, వేళకు పడుకుని సుఖంగా ఉన్నారని తలుస్తాను.

ముందుగా మంచి కబురు. మీ కూతురు పాకుతున్నది! మొన్న సోమవారం అత్తమ్మ లింగపూజకు కూర్చుంటే, ఈమె వెనకనుంచి చప్పుడు లేకుండా పోయి విభూతి ఉండ పట్టుకుని నోట్లో పెట్టుకున్నది. అత్తమ్మ కోప్పడలేదు సరికదా, "నా మనుమరాలికి ఇప్పటిసందే భక్తి" అని వాడంతా తిరిగి చెప్పి వచ్చింది. తొమ్మిదో నెలలోనే ఇల్లంతా ఈమె రాజ్యమైపోయింది. పల్లీ పొట్టు, చీమ, మీ పాత చెప్పు, ఏది దొరికితే అది నోట్లోకి పోవలసిందే.

శనివారం మీ నర్సింలు వచ్చి పోయాడట. మీతో రెండేళ్లు పనిచేసి ఇప్పుడు మన ఊళ్లోనే మురుగు మోరీలకు మందు కొడుతున్నాడు కదా. నేను ఇంట్లో లేను. చంకలో మూట పెట్టుకుని పోయాడని పక్కింటివాళ్లు చెప్పారు. ఏం మూట అని అత్తమ్మను అడిగితే అల్లం కట్టి ఇచ్చానన్నది.

అత్తమ్మకు ఇంతవరకే చదివి వినిపిస్తాను. మన ఇంటి ఆనవాయితీ మీకు తెలిసిందే. ఆమె విననిదే ఏ ఉత్తరానికీ జిగురు పడదు. రెండో కాగితం మాత్రం మీ ఒక్కరికే.

మీరు మొదటి జీతంతో ఏం తెచ్చారో జ్ఞాపకం ఉందా? లోకంలో కొడుకులందరూ తల్లికి చీర తెస్తారు. మీరు హైదరాబాదు బజారంతా గాలించి నల్లుల మందు డబ్బా తెచ్చారు. బిర్రు మూత, నీలిరంగు రేకు, లోపల మందపాటి కాగితపు సంచిలో తెల్లటి పొడి. అత్తమ్మ ఆ డబ్బాను దేవుడి గూటి పక్కనే పెట్టింది. చుట్టాలు వస్తే మంచినీళ్లకన్నా ముందు దాన్నే చూపిస్తుంది.

మంచం నులకలో చల్లితే నల్లులు పోయిన మాట నిజమే. అక్కడితో ఆగితే నేను ఈ కాగితం రాసేదాన్ని కాదు. తరువాత చీమలకని వంటింటి మూలల్లో చల్లింది. బొద్దింకలకని గిన్నెల బల్ల కింద చల్లింది. పేలకని తన తలలో రుద్దుకుని, పక్కింటి పిల్లలను కూడా పిలిచి రుద్దింది. "నా కొడుకు మొదటి జీతంల తెచ్చిన మందు. ఊకెనే పనిజేస్తదా మరి!" అంటుంది. నశ్యం పీల్చి పీల్చి ఆమెకు వాసన తెలియదు గాని, ఆ ఘాటుకు నేను తలుపులన్నీ బార్లా తెరుస్తాను.

శనివారం పొద్దున మన పిల్లి బల్ల కింద పడుకుని లేచి ఒళ్లంతా నాక్కున్నది. కాసేపటికి దాని కాళ్లు గజగజ వణకసాగాయి. నేను దాన్ని పట్టుకుని సబ్బుతో తోమాను, అది నా చేతులు రెండూ గీరింది. ఆ గీరే బలం ఉంటే బతుకుతుందిలే అనుకున్నాను. బతికింది కూడా. కానీ తల తిప్పి చూద్దును కదా, అదే బల్ల కింద నీలమ్మ అరచేతులు ఆనించి కూర్చుని ఉన్నది. ఆ చేతులే కదండీ నోట్లోకి పోయేవి.

చేతులు కడిగి, చంకనేసుకుని దవాఖానకు పరుగెత్తాను. డాక్టరమ్మ పాపను తిప్పి తిప్పి చూసి ఇప్పటికి ఏమీ లేదన్నారు. నాకు మాత్రం బాగా చీవాట్లు పడ్డాయి. అది గోడలకు కొట్టే మందు, తలకూ తిండికీ కాదన్నారు. పాకే పిల్ల ఉన్న ఇంట్లో నేలమీద చిటికెడు కూడా ఉండకూడదట. మంచాలకు ఎండ, మరిగే నీళ్లు, జొన్నలకు ఎండిన వేపాకు చాలునట.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. అత్తమ్మ, "డాక్టరమ్మకేం ఎర్క? పాడుమందైతే నా కొడుకు తెస్తడా?" అని, నా కళ్లముందే పిడికెడు తీసి తలుపు మూలన చల్లింది. ఆ రోజు నుంచి ఆమె చెయ్యి మరీ ధారాళమైంది. తినే జొన్నల్లో కూడా కలుపుతానంటున్నది. నేను చీపురు, తడిగుడ్డ పట్టుకుని ఆమె వెనకాలే తిరుగుతున్నాను. నడుము పడిపోతున్నది.

మీ మీద కూడా కోపంగానే ఉంది. మందు కొట్టేముందు గిన్నెలు బయట పెట్టండి, గింజలు కప్పండి అని ఊరూరా చెప్పే మనిషి కన్నతల్లికి ఒక్క ముక్క చెప్పలేదేం? ఇప్పుడు రాద్దామన్నా, దాన్ని ఆమెకు చదవవలసింది నేను. మీ కొడుకు ఇచ్చిన మొదటి కానుక విషమని నా నోటితో ఎట్లా చదవను? ఉపాయం మీరే చెప్పాలి.

మీ
భాగీరథి

జహీరాబాదు,
14 ఆగస్టు 1961.

శ్రీవారి సముఖమునకు,

నమస్కారాలు. అందరం క్షేమం. నీలమ్మకు కింద రెండు పళ్లు వచ్చాయి. వాటి పదును అత్తమ్మ వేలికి బాగా తెలుసు.

మీ ఉపాయం అందింది. "అమ్మ మనసు నొప్పించకు, పాప జాగ్రత్త." ఇంత గొప్ప ఉపాయం అడవిలో ఎంతసేపు ఆలోచించి రాశారండీ? సరే, నా దారి నేనే చూసుకున్నాను. ఇది కూడా రెండో కాగితమే, వినిపించేది కాదు.

జొన్నల్లో మందు కలుపుతానన్న అత్తమ్మ నెలరోజులుగా కలపలేదు. ఒకరోజు సోమవారం వద్దన్నది, ఒకరోజు అమావాస్య అన్నది, ఇంకోరోజు మబ్బు పట్టిందన్నది. చివరికి, "పైన మందు ఉంటది, లోపట వేపాకు ఉండనీ" అని తానే వేపమండలు ఎండబెట్టి గుమ్మిలో పొరలు పొరలుగా వేసింది. దేవుడు నా మొర విన్నాడనుకున్నాను. కానీ నేలమీద చల్లడం మానదే! నేను చూస్తున్నప్పుడు మరీ ఎక్కువ చల్లుతుంది.

పోయిన గురువారం ఆమె కోహీరులో చుట్టాల పాపను తొట్టెలలో వేసే పండుగకు పోయింది. ఆమె బండి మలుపు తిరగగానే నేను కొంగు ముక్కుకు గట్టిగా చుట్టుకుని, నీలమ్మను పక్కింట్లో వదిలి, డబ్బా దించాను. లోపల కాగితపు సంచి లేదు, పొడి డబ్బాలోనే పోసి ఉంది. చినిగిపోయి ఉంటుందనుకున్నాను. ముందున్న ఘాటు కూడా లేదు. వానాకాలపు చెమ్మకు చచ్చిందనుకున్నాను. అయినా విషం విషమే కదా. పెరట్లో బావికి దూరంగా నడుములోతు గొయ్యి తవ్వి, అంతా పోసి పూడ్చాను. డబ్బాను లోపలా బయటా బూడిదతో తోమి, మళ్లీ తలంటుకుని స్నానం చేశాను. ఇంత భయం నాకు కాన్పులో కూడా కలగలేదు.

ఖాళీ డబ్బా ఆమెకు తెలిసిపోతుంది కదా. అందుకని అందులో మెత్తగా జల్లించిన ముగ్గుపిండి నింపాను. తెల్లదనం సరిపోయింది. వాసన ఆమెకు ఎట్లాగూ తెలియదు. చిరాగ్‌పల్లి నుంచి ముగ్గుపిండి గంప ఎత్తుకొచ్చే బస్వమ్మ మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "మీ ఇంటికి ఒక్కటే గడప గదనమ్మా, గింత ముగ్గు ఏం జేస్తున్రు? మొన్న గూడ కొంటిరి గద!" అన్నది. నేను కొన్నది అదే మొదటిసారి. ఎవరింటి లెక్కో మనకు చుట్టిందనుకుని డబ్బులిచ్చి పంపాను.

అత్తమ్మ తిరిగొచ్చి కొత్తమట్టి చూసి, అక్కడ ఏం పాతిపెట్టావని అడిగింది. గుమ్మడి గింజలు పెట్టానన్నాను. అబద్ధం ఎందుకని తరువాత నిజంగానే రెండు గింజలు గుచ్చాను.

ఇప్పుడు ఆమె హాయిగా ముగ్గు చల్లుకుంటున్నది, నేను హాయిగా చూస్తున్నాను. ప్రతి ఆదివారం మంచాలు ఎండలో వేసి, కీళ్లలో మరిగే నీళ్లు పోస్తున్నాను. ఆమె తలను సన్నపళ్ల దువ్వెనతో నేనే దువ్వుతున్నాను. కళ్లు మూసుకుని దువ్వించుకుంటూ మీ చిన్నప్పటి సంగతులు చెబుతుంది. మీరు ఏడో ఏట పాము అనుకుని తాడును చూసి బడి మానేశారట, నిజమేనా?

మీ
భాగీరథి

జహీరాబాదు,
8 అక్టోబరు 1961.

శ్రీవారి సముఖమునకు,

నమస్కారాలు. పండుగకు సెలవు దొరికిందన్న మీ కబురుతో ఇల్లు పండుగకు ముందే పండుగైంది. నీలమ్మ ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతుంది. నాలుగడుగులు వేసి, ఎవరూ చప్పట్లు కొట్టకపోతే అక్కడే కూర్చుని అలుగుతుంది. ఈ అలక మన ఇద్దరిలో ఎవరి సొత్తో మీరు వచ్చాక తేలుద్దాం. పిల్లి నాలుగు పిల్లలు పెట్టింది, అన్నీ బల్ల కిందే.

రెండో కాగితం. నా సంతోషంలో ఒక్కటే ముల్లు, ఆ గుమ్మడి తీగ. మొలవవనుకున్న గింజలు రెండూ మొలిచాయి. అత్తమ్మ రోజూ బిందెడు నీళ్లు పోసి, తీగను పెరటి గోడమీదికి పాకించింది. బంగారు పూలు పూస్తున్నది. విషం పోసిన చోట కాసిన కాయ మనం తింటామా? అందుకని పొద్దున్నే ఆమె లేవకముందే పోయి పిందెపూలన్నీ తుంచేస్తున్నాను. ఆమె లేచి, "ఏ ముండకొడుకు తెంపుతుండో, నా చేతికి జిక్కాలె" అని గోడ అవతలివాళ్లకు వినబడేట్టు తిడుతుంది. నేను వంటింట్లో గిన్నెలు గట్టిగా తోముతూ వింటాను.

మీరు రాగానే మొదట ఆ తీగను ఏదో సాకు చెప్పి పెరికించాలి. ఆమెను మోసం చేస్తున్నానన్న బాధ కూడా ఉంది. తల దువ్వుతున్నప్పుడు చాలాసార్లు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆ డబ్బాను రోజూ పైటకొంగుతో తుడిచి గూటి పక్కన పెట్టడం చూశాక ఆ మాట పక్కన పెట్టి దువ్వడమే కానిచ్చాను.

త్వరగా రండి. సబ్బుతో చేతులు కడిగిన తరువాతే మీ కూతుర్ని ఎత్తుకోనిస్తాను, ముందే చెబుతున్నాను.

మీ
భాగీరథి

తా.క. జిగురు అంటించబోయి మళ్లీ విప్పాను. ఎప్పటిలాగే మొదటి కాగితం చదివి మడుస్తుంటే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, "రెండు కాయిదాలు రాస్తవ్, ఒక్కటే సదువుతవ్. నాకు అక్షరాలు రావు గని లెక్క రాదా? ఇయ్యాల రెండోది గూడ సదువు బిడ్డా" అన్నది. తప్పించుకోలేక చదివాను. గుమ్మడి పూల దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వి నవ్వి, నశ్యం భరిణె చేతిలోంచి జారవిడిచింది.

అసలు సంగతి వినండి. పిల్లి వణికిన శనివారమే, నేను నీలమ్మను ఎత్తుకుని దవాఖానకు పోయిన గంటలోనే, ఆమె మందును కాగితపు సంచితో సహా తీసి నర్సింలు చేతికి ఇచ్చేసింది. అల్లం మూట అదే. అతను దాన్ని తన మోరీల పనిలో కలిపేసుకున్నాడట. ఆమె ఇల్లంతా మూడుసార్లు కడిగి, డబ్బా తోమి ముగ్గుపిండి నింపింది. బస్వమ్మ లెక్క తప్పలేదన్నమాట. నేను ముక్కుకు కొంగు చుట్టుకుని నడుములోతున పాతిపెట్టింది ఆమె ముగ్గును. మళ్లీ నింపింది నా ముగ్గును. నెలకు పైగా నేను తడిగుడ్డతో తుడిచింది, మూడు నెలలుగా భయపడింది అంతా ముగ్గుకే.

అట్లాంటప్పుడు నా ముందు పిడికిళ్లకొద్దీ ఎందుకు చల్లావత్తమ్మా అని ఏడుపూ నవ్వూ కలిసి అడిగాను. "నువ్వు వానికి అన్నీ రాస్తవ్ గద. అమ్మ నీ మందు రోజు చల్లుతున్నదని రాస్తవనుకున్న. మొదటి జీతంల తెచ్చిండు, పారబోసిందని ఎరుకైతే వాని మనసు సిన్నబోదా?" అన్నది. మీ మనసు కోసం ఆమె, ఆమె మనసు కోసం నేను, ఇద్దరం ఒకే డబ్బాతో ఒకరినొకరం ఇంతకాలం ఆడించుకున్నాం. ఆమె ఒళ్లో తల పెట్టుకుని తనివితీరా నవ్వాను. నా తల్లి దగ్గర కూడా ఎన్నడూ అట్లా నవ్వలేదు.

తీగ పెరకవలసిన పని లేదు. రేపటి నుంచి పూలు తుంచను. మీరు వచ్చేసరికి ఒక్క పిందైనా నిలవాలని అత్తమ్మ నన్నే నీళ్లు పోయమన్నది. డబ్బా ఇప్పుడు గడప పక్కకు వచ్చింది. ఇకముందు ఈ ఇంటి ముగ్గు అందులోంచే. వచ్చేటప్పుడు ఆమెకు ఎర్రంచు ఇల్కల్ చీర తెండి. ఈ సంగతి మాత్రం ఆమెకు చదవలేదు.

కాగితం అడుగున తెల్లటి వేలిముద్ర ఉంది చూడండి. డబ్బాలో వేలు ముంచి అత్తమ్మ వేసింది. భయపడి చేతులు కడుక్కోకండి, అది ముగ్గే.