ఎవరి తాళం వాళ్ళే తీయాలి

అక్కా,

ఫోనులో చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. బావకి చూపించకు.

ఏడు నెలలుగా నా ఒంట్లో ఏదో జరుగుతోంది. ముందు పెదవులు మొద్దుబారాయి, పళ్ళ డాక్టరు మత్తు సూది వేసినట్టు. తర్వాత ఎడమ అరచేతిలో చీమలు పాకడం మొదలైంది. నడుస్తుంటే నేల ఒక అంగుళం కిందికి దిగుతుంది, నేను గోడ కోసం వెతుక్కుంటాను. కునుకు పట్టబోయే క్షణంలో తలలో కరెంటు కొట్టినట్టై లేచి కూర్చుంటాను. గుండె పరీక్ష చేయించాను, బాగుంది. నరాల పరీక్ష బాగుంది. మెడకి స్కానింగు తీశారు, మెడ కూడా బాగుందట. అన్నీ బాగుంటే నేనెందుకు బాగాలేనో ఏ రిపోర్టులోనూ లేదు.

నాలుగో డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి ఇది ఆందోళన అంది. నేను నటిస్తున్నానని కాదట. చెయ్యి నిజంగానే తిమ్మిరెక్కుతుందట, కానీ లోపం చేతిలో లేదట. వచ్చినప్పుడు పారిపోకుండా కూర్చుని ఊపిరి నెమ్మదిగా వదలమంది. ఎప్పుడెప్పుడు వస్తుందో రాసిపెట్టమంది. నాకు ఒళ్ళు మండింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పద్దెనిమిదేళ్ళుగా మెషీన్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి, ఆందోళన పడే తీరిక నాకెక్కడిది? మా సూపర్‌వైజర్‌కి చెబితే, నన్ను ఓసారి పిండి ఆరేస్తే సరిపోతుందన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, గోడ పట్టుకునే.

రెండు నెలలు రాసిపెట్టాను. ఆ కాగితం డాక్టరమ్మకి ఇంకా చూపించలేదు.

నీ తమ్ముడు

*

అక్కా,

పది రోజులకి జవాబు రాశావు, అదీ ఒక్క వాక్యం: "ఆ కాగితంలో ఏముందో నాకు చెప్పు." టికెట్ కౌంటర్లో కూర్చుని కూర్చుని నీకు మాటలు కూడా చిల్లరలా లెక్కపెట్టి ఇవ్వడం అలవాటైంది. సరే, చెబుతాను.

ఇరవై మూడుసార్లు వచ్చింది. పదకొండుసార్లు పైఅంతస్తులోని స్విచ్ గదికి వెళ్ళే మెట్ల మీద. మిగతావన్నీ నెలలో మొదటి సోమవారమో, దాని ముందు రోజో. మొదటి సోమవారం కొత్తగా చేరినవాళ్ళకి నేను భద్రతా పాఠం చెప్పాలి. బావని మా లాండ్రీలోంచి తీసేసిన నెల నుంచి ఆ పని నాకిచ్చారు. పాఠంలో ఒక ఉదాహరణ ఉంటుంది. పేరు చెప్పం. "పదిహేడేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్. మెయిన్ స్విచ్‌కి తాళం వేయకుండానే ఇస్త్రీ రోలర్‌లో చెయ్యి పెట్టాడు. మూడు వేళ్ళు పోయాయి." ఇది ఏడుసార్లు చెప్పాను. కుర్రాళ్ళు నోట్సు రాసుకుంటారు.

బావ తాళం వేశాడక్కా.

నీకు రూలు తెలుసు. మెషీన్‌లో చెయ్యి పెట్టే ప్రతివాడూ స్విచ్‌కి తన తాళం తగిలించాలి. ఎవరి తాళం వాళ్ళే తీయాలి. కానీ స్విచ్ గది నలభై రెండు మెట్ల పైన. బావకి మోకాలి నొప్పి, నాకు బద్ధకం. తొమ్మిదేళ్ళ కిందట ఒకరి తాళానికి ఒకరం మారు తాళంచెవులు చేయించుకున్నాం. ఎవరు పైనుంటే వాళ్ళు రెండూ తీసేవాళ్ళం, కింద ఉన్నవాణ్ణి అడిగాకే. "నా ప్రాణం నీ జేబులో ఉందిరా, ప్యాంటు ఉతుక్కునేటప్పుడు చూసుకో" అనేవాడు బావ.

ఆ రోజు నేను పైన స్విచ్ గదిలో ఉండగా ఒంటిగంటకి భోజనాల బెల్లు కొట్టారు. బెల్లు పూర్తికాకముందే చెయ్యి కడుక్కునే మనిషి బావ. వెళ్ళిపోయి ఉంటాడనుకున్నాను. అడగలేదు. రెండు తాళాలూ తీసి, స్విచ్ వేసి, పరీక్షగా రోలర్ ఒక చుట్టు తిప్పాను. ఒక బోల్టు మిగిలిందని ఆయన ఆగాడట.

కేక విని కిందికి దిగేలోపు ఆయన తాళం నా జేబులో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. విచారణలో, నేను వెళ్ళేసరికి స్విచ్ మీద బావ తాళం లేదని చెప్పాను. మెషీన్ దగ్గర ఎవరైనా ఉన్నారా అని కిందికి కేకేశానని కూడా చెప్పాను. ఆసుపత్రిలో బావ నన్ను అడిగాడు, "నా తాళం నువ్వు తీయలేదు కదరా?" అని. లేదు బావా అన్నాను. "నువ్వు లేదంటే లేదు" అని కళ్ళు మూసుకున్నాడు.

ఎవరికైనా చెబితే ఈ తిమ్మిరి తగ్గుతుందేమో. నీకు చెప్పాను. నన్ను ఏమన్నా అను.

నీ తమ్ముడు

*

తమ్ముడికి,

నీ ఒంట్లో చీమలు పాకుతున్నాయని రెండు ఉత్తరాలు రాశావు. ఈ ఇంట్లో ఏం జరుగుతోందో ఒక్క ఉత్తరంలోనూ అడగలేదు. చెబుతాను విను.

మీ బావ తలుపు తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తాడు. లాగి చూసి మళ్ళీ వెళ్తాడు. మళ్ళీ వస్తాడు. నిన్న ఆరుసార్లు. పొయ్యి ఆర్పిందీ లేనిదీ నన్ను అడుగుతాడు, నా జవాబు నమ్మకుండా వెళ్ళి చూసుకుంటాడు. తాళం వేసినట్టు తనకి స్పష్టంగా గుర్తుంది. నువ్వేమో లేదన్నావు. నువ్వు అబద్ధం చెబుతావన్న ఆలోచన ఆయనకి రాలేదు కాబట్టి, తన బుర్రే చెడిందని తేల్చుకున్నాడు. ఎనిమిది నెలలుగా తన కళ్ళని తనే నమ్మని మనిషితో కాపురం చేస్తున్నాను. ఆయనకి డాక్టర్లు లేరు, స్కానింగులు లేవు. వాటికి వెళ్ళాలంటే ముందు ఇంటి తాళం వేసి బయటికి వెళ్ళగలగాలి.

చూపించకన్నావు. చూపించాను. ఎడమ చేత్తో పట్టుకుని రెండుసార్లు చదివాడు. మడిచి నా చేతికి తిరిగిచ్చాడు. ఏమన్నా అనమన్నావు కదా, అంటాను. నువ్వు రాసింది ఆయన కోసం కాదు, నీ తిమ్మిరి తగ్గడం కోసం. నాకు చెప్పేస్తే బరువు దిగిపోతుందనుకున్నావు. నేను మోయను.

నీ ఉత్తరం తిప్పి పంపుతున్నాను. తీసుకెళ్ళి భద్రతా ఆఫీసరు బల్ల మీద పెట్టు. పెట్టేదాకా నాకు రాయకు.

అక్క

*

అక్కా,

పెట్టాను. శుక్రవారం పొద్దున పదింటికి. ఆఫీసరు చదివి, తాళం ఏదని అడిగాడు. డ్రాయర్లో ఎనిమిది నెలలు దాచిన తాళం తెచ్చి ఇచ్చాను. సంతకం చేయించుకున్నాడు. ఆ మధ్యాహ్నమే నా గేటు కార్డు తీసుకుని పనికి రావద్దన్నారు, విచారణ మళ్ళీ తెరుస్తారట. మొదటి సోమవారం పాఠం వేరేవాళ్ళు చెబుతారు. అందులో ఉదాహరణ ఇక నేనే.

తిమ్మిరి తగ్గలేదు. ఈ రోజు కూడా పెదవులు మొద్దుబారాయి. కాగితం డాక్టరమ్మకి చూపించి, జరిగిందంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. చెప్పినంత మాత్రాన ఆగిపోదంది. వచ్చినప్పుడు రానివ్వు, కూర్చో, అది వెళ్ళేదాకా చూడు అంది. చూస్తున్నాను. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి ముప్పావు గంట.

నిన్న సాయంత్రం నువ్వు డ్యూటీలో ఉండగా బావ ఫోను చేశాడు. నీకు చెప్పాడో లేదో. పలకరించలేదు. "ఆ రోజు నా తాళం స్విచ్ మీద ఉందా?" అని అడిగాడు.

ఉంది బావా అన్నాను. కాళ్ళ కింద నేల దిగిపోతోంది. గోడ పట్టుకోలేదు.

"పూర్తిగా పడి ఉందా? ఊరికే తగిలించి వదిలేశానా?"

"పూర్తిగా పడి ఉంది బావా. తాళంచెవితో తీయాల్సి వచ్చింది."

 "మళ్ళీ చెప్పు" అన్నాడు. చెప్పాను. అలా నాలుగుసార్లు చెప్పించుకుని ఫోను పెట్టేశాడు.

నీ తమ్ముడు