ఆగినట్టు కనబడిన చక్రం

కర్మాగారముల తనిఖీ అధికారి గారి సముఖమునకు, దారపు మిల్లు ప్యాకింగు గదిలో పనిచేయు కార్మికుడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మిల్లు షెడ్డులో పాత ట్యూబులైట్లు తీసివేసి ఎల్‌ఈడీ దీపములు అమర్చుట గురించియు, నా భార్య మరణముపై తమరిచ్చిన నివేదికలో ఒక మాట కొట్టివేయుట గురించియు.

1. నా భార్య ఇదే మిల్లులో దారము చుట్టు యంత్రముపై పనిచేయుచుండెను. నేను పక్క గదిలో ప్యాకింగు. మధ్యలో ఒక్క గోడ. ఆ యంత్రపు పెద్ద చక్రము చుట్టూ దూది పేరుకొనును. దానిని తీయుటకు చక్రపు మూతలో ఒక సందు కలదు. స్విచ్చి ఆపి, చక్రము పూర్తిగా నిలిచిన పిమ్మటనే అందులో చేయి పెట్టవలెనని నియమము. ఆ నియమము ఆమె ఎన్నడూ తప్పి ఎరుగదు.

2. నిరుడు మిల్లు షోరూములోను, ఆఫీసు గదులలోను ఎల్‌ఈడీ దీపములు అమర్చిరి. వాటి ప్రయోజనములు తెలుపుచు గుమ్మము వద్ద బోర్డు కూడా పెట్టిరి. కరెంటు సగానికి సగం ఆదా అగునట. వేడి ఉండదట. ఏళ్ళ తరబడి మార్చనక్కరలేదట. దారము రంగు ఉన్నది ఉన్నట్టు కనబడునట. అన్నీ నిజమే, నేను కాదనను. షెడ్డు సంగతి అడిగితే, వచ్చే ఏడు చూద్దామనిరి.

3. ఒకరోజు భోజనం దగ్గర ఆమె నాతో ఇట్లు చెప్పెను: "ఏమండీ, స్విచ్చి ఆపాక చక్రం ఆగిపోయినట్టే కనబడుతుంది. మళ్ళీ చూస్తే తిరుగుతూనే ఉంటుంది. నా కళ్ళకేదో వచ్చింది."

"వయసొచ్చింది" అన్నాను.

"ఎవరికి?" అంది.

కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గోడ మీది అక్షరాలన్నీ అడుగు వరస దాకా గడగడా చదివేసింది. "కళ్ళు భేషుగ్గా ఉన్నాయమ్మా" అని ఆయనంటే మొహం మాడ్చుకుంది. బయటికొచ్చాక, "కళ్ళజోడు పెట్టుకుంటే టీచరమ్మలా ఉంటాననుకున్నా, ఆ ముచ్చటా లేకపోయె" అంది. ఇది అర్జీలో వ్రాయదగిన సంగతి కాదు. క్షమించవలెను.

సూపర్‌వైజరు గారికి కూడా చెప్పుకొనెను. "డాక్టరే బాగున్నాయన్నాక ఇంకేంటమ్మా" అని ఆయన నవ్వేశారు. అప్పటి నుండి ఆమె స్విచ్చి ఆపిన తరువాత అందరికంటే ఎక్కువసేపు ఆగి చేయి పెట్టుచుండెను. ఎంతసేపు ఆగితే చాలునో చెప్పగలవారు ఎవరూ లేరు.

4. షెడ్డులో మోత ఆగిందంటే మాకు కరెంటు పోయిందని అర్థము. ప్రమాదం జరిగిన నాటి మధ్యాహ్నం మోత ఆగింది. టేపు చుడుతున్నవాణ్ణి తలెత్తి చూశాను. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అప్పుడు లేచి పరుగెత్తాను సార్.

ఆమె యంత్రము స్విచ్చి ఆపే ఉన్నది. ఇది అక్కడున్న వారందరూ చూసినదే. చక్రము ఇంకా తిరుగుచుండగా చేతి తొడుగు చిక్కుకొని, దానితో చేయి లోపలికి పోయినది. మిగతాది తమ నివేదికలో ఉన్నది. ఆసుపత్రి దారిలో తల నా ఒళ్ళో ఉంది. "ఆగిందండీ. ఆగిందని చూశాకే పెట్టాను" అంది. కాసేపటికి మళ్ళీ అదే మాట అంది. ఇంకేమీ అనలేదు.

5. తమరు తనిఖీకి విచ్చేయు ముందు రోజున, ఆమె యంత్రము పైన మాత్రము పాత లైట్లు ఊడదీసి ఎల్‌ఈడీ దీపము బిగించిరి. తమరు దాని కిందనే నిలబడి, యంత్రము నడిపించి, ఆపించి చూచితిరి. "తిరుగుతోందని చంటిపిల్లకైనా కనబడుతుంది కదయ్యా" అన్నారు. నిజమే. ఆ వెలుతురులో నాకూ కనబడింది. వెనక నుంచి చెయ్యెత్తాను. మేనేజరు గారు "తరవాత, తరవాత" అన్నారు. తమరు వెళ్ళేటప్పుడు నా భుజం తట్టారు. అది మరువలేదు.

6. దీపము బిగించిన మా ఎలక్ట్రీషియను ఆ తరువాత నాతో చెప్పినది: "అన్నా, పాత ట్యూబులైటు వెలుగుతూనే ఉన్నట్టుంటుంది గానీ, కంటికి అందనంత వేగంగా రెపరెపలాడుతుంటుంది. ఆ రెపరెపకీ చక్రం వేగానికీ లంకె కుదిరిందా, తిరిగే చక్రం నిలబడిపోయినట్టుంటుంది. మంచి ఎల్‌ఈడీకి ఆ రెపరెప ఉండదు. వదిన కళ్ళది తప్పు కాదన్నా."

తిరిగేది తిరుగుతున్నట్టు కనబడును. షోరూము బోర్డు మీద ఈ ప్రయోజనము వ్రాయలేదు.

7. తమ నివేదిక నకలు ఇంటికి వచ్చినది. మరణమునకు కారణము "కార్మికురాలి అజాగ్రత్త" అని ఉన్నది. నేను దాచేలోగానే ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి చదివేసింది.

"అజాగ్రత్తంటే అమ్మదే తప్పనా నాన్నా?"

కాగితం ఇమ్మని చెయ్యి చాచాను.

"తాళం వేశాక కూడా వెనక్కొచ్చి లాగి చూసేది కదా అమ్మ. వీధి చివర దాకా వెళ్ళి మళ్ళీ వచ్చేది. నువ్వే విసుక్కునేవాడివి" అంది. ఆ కాగితం తిరగేసి బల్ల మీద పెట్టి, పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

కావున తమరు మరియొకసారి విచ్చేసి, పక్క యంత్రమును పాత లైట్ల కిందనే నడిపించి, ఆపించి, కళ్ళారా చూడవలెను. చూచిన పిమ్మట ఆ "అజాగ్రత్త" అను మాట కొట్టివేయవలెను. ఆ లైట్ల కింద ఇంకను పనిచేయుచున్న ఆడవారికి ఏ ఆపదా రాకముందే షెడ్డంతటా దీపములు మార్పించవలెను.

ఈ విన్నపమును తీరిక చేసుకొని చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
మృతురాలి భర్త

తా.క.: ఈ అర్జీ జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్ళాను సార్. షెడ్డులో లైట్లన్నీ మార్చేస్తున్నారు. ఆడవాళ్ళంతా పైకి చూస్తూ ఎంత సంబరపడుతున్నారో. పక్క మెషీను దగ్గరికొచ్చేసరికి ఎలక్ట్రీషియను నిచ్చెన మీద ఆగిపోయాడు. "అన్నా, ఆఫీసరుగారు వచ్చి చూసేదాకా ఈ ఒక్కచోటా పాతవి వదిలెయ్యమంటావా? మేనేజరుతో నేను మాట్లాడుకుంటాను" అన్నాడు. ఆ మెషీను మీద చేసే ఆవిడ నా మొహంలోకి చూసింది. కాదంటుందనుకున్నాను. "నీ ఇష్టం అన్నయ్యా" అంది. అంటూనే చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

తీసెయ్యమన్నాను.

కాబట్టి మీరొచ్చినా చూపించడానికి ఇక్కడ ఇంకేమీ మిగల్లేదు. నా మాటొక్కటే ఉంది. మా ఆవిడ అజాగ్రత్త మనిషి కాదండీ. నమ్మండి సార్.