దొర గుండిగకి కుళాయి

నేపర్‌విల్, అమెరికా, 12-2-86

చెల్లీ మణీ, దేవుని దయవల్ల కులాసా. టీ ఒలికి కాలిన నీ పాదం మానిందా?

మా అమ్మాయి వాళ్ల పక్కింటి దొర తన ఇంట్లోనే బీరు కాస్తాడు. పొంగి ఒలక్కుండా, కాచేదానికి రెండింతలు పట్టే స్టీలు గుండిగ కావాలన్నాడు. రేకు పల్చనైతే అడుగంటుతుందని నేనంటే, ముసలిదాని మాటని తీసెయ్యకుండా మందపాటిదే కొన్నాడు. అడుక్కి రెండు వేళ్ల ఎత్తున కన్నం వేసి కుళాయి బిగించాడు! మడ్డి అడుగునే ఉంటుంది, కాగే గుండిగ వంచే పనే లేదు. ఏం బుర్రే!

అలాంటి కుళాయి ఒకటి తెస్తున్నాను. మన చర్చి టీ గుండిగ రేకు మందం కొలిచి రాయి. ఈస్టరుకి నువ్వు వంచక్కర్లేదు.

బీరు సంగతి పాస్టరమ్మగారికి చెప్పకు. అయినా నీకొచ్చే కార్డులు ముందు ఆవిడే చదువుతుంది కదూ? అమ్మగారూ, వందనాలు. నేను తెచ్చే కుళాయి కొత్తదే!

మీ అక్క కరుణమ్మ